వేపపూత, వేపపూత యూరియా: ‘పూయు’లో కలిసిపోయిన రెండు క్రియలు

అందరికీ నమస్కారం.

ఉగాది పచ్చడిలో వేపపూత వేస్తాం. ఎరువుల దుకాణానికి వెళ్తే వేపపూత యూరియా ఇస్తారు. రెండు చోట్లా అవే అక్షరాలు, అదే పలుకు. పచ్చడిలో పడేవి మార్చి, ఏప్రిల్ నెలల్లో వేపకొమ్మల చివర గుత్తులుగా వచ్చే చిన్న తెల్లపూలు. యూరియాలో మాత్రం పువ్వు ఒక్కటీ ఉండదు. గుళికల మీద వేపనూనె పల్చగా పట్టించి ఉంటుంది. ఆ నూనె వల్ల నేలలో నత్రజని మార్పు నెమ్మదిస్తుంది, పైరుకు మరికొన్ని రోజులు అందుతుంది. 2015లో మన దేశంలో తయారయ్యే యూరియా అంతటికీ ఈ పూత తప్పనిసరి చేశారు.

ఇవాళ చెప్పబోయేది ఈ రెండు పూతల గురించే. ఒక మాటకు రెండు అర్థాలు వచ్చాయని మనం సరిపెట్టుకుంటాం. అది సరికాదు. ఇవి రెండు మాటలు. వేరువేరు ధాతువుల నుంచి వచ్చి, తెలుగులోకి చేరేసరికి ఒకే రూపంలో పడిపోయాయి. ఆ సంగతి ఎలా తెలుస్తుందో, రెండింటినీ ఎలా విడదీయాలో, మళ్లీ ఎక్కడ విడదీయలేకపోతామో వరసగా చూద్దాం.

బోర్డు మీద రెండు వాక్యాలు రాస్తున్నాను. మొదటిది: ‘మల్లె పూసింది.’ రెండోది: ‘అమ్మ గడపకు పసుపు పూసింది.’

మొదటి వాక్యంలో మల్లె తనంతట తానే పూసింది. దానికి కర్మ అక్కర్లేదు. పెడితే ‘పూలు’ అన్న మాటో, దానికి రంగు చేర్చి ‘పచ్చటి పూలు’ అనో పెట్టుకోవాలి. మరో కర్మ ఇమడదు. రెండో వాక్యానికి మూడు కావాలి. పూసే మనిషి ఉండాలి, పూసే పదార్థం ఉండాలి, పూయించుకునే చోటు ఉండాలి. వీటిలో ఏది చెప్పకపోయినా వినేవాళ్లు అడుగుతారు: ఏం పూసింది? దేనికి పూసింది?

ఇక్కడ ఒక పొరపాటు జరుగుతుంది. ‘కు’ కనిపిస్తే పులమడం, కనిపించకపోతే వికసించడం అని గుర్తు పెట్టుకుంటారు. ‘చెట్టుకు పూలు పూశాయి’ అన్న వాక్యం ఆ సూత్రాన్ని పడగొడుతుంది. అక్కడ ‘కు’ ఉంది, కానీ క్రియ చివర పూలకు తగ్గట్టు మారింది. ‘పూశాయి’ అన్నాం కదా. కాబట్టి విభక్తి కంటే క్రియ చివరను చూడటం మేలు.

క్రియ చివర చూస్తే ఒక చక్కని సంగతి బయటపడుతుంది. ‘పూశాడు’ అన్నామంటే వికసించాడు అన్న అర్థం రాదు, పులిమాడనే. తెలంగాణలో ‘పూసిండు’ అన్నా అంతే. ‘పూశారు’ కూడా మనుషుల పనే. ‘పూశాయి’ అంటే పూలో చెట్లో. చిక్కంతా ‘పూసింది’ దగ్గరే. తెలుగులో ఏకవచనంలో ఆడవాళ్లకూ చెట్లకూ ఒకే ప్రత్యయం కాబట్టి ‘పూసింది’ అన్న ఒక్క రూపమే రెండు క్రియలకూ సరిపోతుంది. బహువచనంలోకి మారిస్తే దారులు విడిపోతాయి: అమ్మలు పూశారు, మల్లెలు పూశాయి. అనుమానం వచ్చిన వాక్యం ఏదైనా సరే, కర్తను బహువచనం చేసి చూడండి.

వాక్యంలో తేల్చుకోవచ్చు, నామవాచకం దగ్గర ఏం చేయాలి? కోయు నుంచి కోత, మేయు నుంచి మేత, నేయు నుంచి నేత వచ్చినట్టే పూయు నుంచి పూత వచ్చింది. రెండు క్రియలూ ఒకే ‘త’ను తగిలించుకున్నాయి. అప్పుడు పూతకు ముందున్న మాటను ప్రశ్నించాలి. మామిడి పూత అంటే ఎవరి పూత? మామిడిది. బంగారు పూత అంటే దేనితో పూత? బంగారంతో. ‘ఎవరి’ అని అడిగితే పువ్వు, ‘దేనితో’ అని అడిగితే పొర. వేప ఒక చెట్టూ అవుతుంది, ఒక పదార్థమూ అవుతుంది. అందుకే వేపపూత దగ్గర రెండు ప్రశ్నలకూ జవాబు దొరికి మనిషి తికమకపడతాడు.

ఇప్పుడు పక్కింటి భాషల్లోకి తొంగిచూద్దాం. తమిళంలో చెట్టు పూసిందనడానికి ‘పూత్తదు’ అంటారు. గోడకు సున్నం పూశాడనడానికి ‘పూసినాన్’ అంటారు. ధాతువులు పూ, పూచు. మలయాళంలో ‘పూక్కుక’ అంటే పూయడం, ‘పూశుక’ అంటే పులమడం. కన్నడంలో పులమడానికి ‘పూసు’ ఉంది. ఈ ఇళ్లలో రెండు క్రియలూ ఎన్నడూ ఒకటి కాలేదు. బరో, ఎమెనో కలిసి చేసిన ద్రావిడ వ్యుత్పత్తి కోశం 1961లో ఒకసారి, సవరించి 1984లో మరోసారి వచ్చింది. అందులో ఈ రెండూ విడివిడి పద్దులుగానే ఉంటాయి. తెలుగు రూపాలు రెండు చోట్లా కనిపిస్తాయి.

మరి తెలుగులో ఎందుకు కలిశాయి? దీర్ఘాచ్చుతో ముగిసే ధాతువుకు తెలుగు ‘చు’ తగిలిస్తుంది. తమిళంలో కాపాడటానికి ‘కా’ ధాతువు, మనకు ‘కాచు’. తమిళంలో పూయడానికి ‘పూ’, మనకు ‘పూచు’. అంటే పువ్వు పూయడంలోని ‘చు’ తెలుగు తర్వాత అంటించింది. పులమడంలోని ‘చు’ ధాతువుతో పుట్టింది. అంటించిందీ పుట్టిందీ పక్కపక్కన నిలబడితే పోలిక పట్టలేం. ఆపైన రెండూ ఒకే దారిలో నడిచాయి: పూచు, పూయు, పూసె, పూయక, పూయించు. పాత కావ్యాల్లో ‘పూచె’ ఎక్కువ కనిపిస్తుంది, ఇవాళ్టి నోట్లో ‘పూసింది’ ఎక్కువ. అర్థంలో తేడా లేదు.

ఇలా కలిసిపోవడం తెలుగుకు అలవాటే. ‘కాయు’ సంగతి చూడండి. చెట్టు కాసింది, ఎండ కాసింది, గొర్రెలు కాశాడు. పండు, వేడి, కాపలా, ఈ మూడింటికీ మూలాలు వేరు. ఇంకా దగ్గరి ఉదాహరణ ‘రాయు’. డాక్టరు మందు రాశాడు. అమ్మ పుండుకు మందు రాసింది. మొదటిది పాత ‘వ్రాయు’, రెండోది ఒరిపిడికి సంబంధించిన ‘రాయు’, ‘రాచు’. వ్రాయులోని వకారం జారిపోయాక రెండూ ఒకటిగా వినిపిస్తున్నాయి. ‘వ్రాయు’ అని రాసే పాత అలవాటును చాదస్తమని కొట్టిపారేస్తాం గానీ, ఆ ఒక్క అక్షరం రెండు మాటలను విడిగా ఉంచేది.

సరే, వికసించే పూయు దగ్గరికి వద్దాం. ఈ మాటను రోజూ వాడేది తోటలవాళ్లు. మామిడి తోటలో ‘పువ్వు’ అని ఎవరూ అనరు. ‘పూత’ అంటారు. పూత వచ్చింది, పూత నిలిచింది, పూత మాడింది, పూత రాలింది. మన ప్రాంతంలో డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పూత కాలం. రాత్రి చలి తగలాలి, నేల ఆరి ఉండాలి. అందుకే పూతకు ముందు రెండు నెలలు తోటకు నీళ్లు ఆపేస్తారు. ఆ సమయంలో నీళ్లు పెడితేనో, వాన పడితేనో కొమ్మ చివర చిగురు తొడుగుతుంది. చిగురు వేసిన కొమ్మ ఆ ఏడు పూయడం తక్కువ. ‘చిగురు వేసింది’ అన్న మాట మిగతా చోట్ల మంగళకరమే గానీ, నవంబరులో మామిడి రైతుకు మాత్రం కాదు.

పూతను దగ్గరగా చూడండి. కొమ్మ చివర జానెడు పొడవు గుత్తి వస్తుంది. అందులో వేల పూలుంటాయి, ఒక్కొక్కటి బియ్యపు గింజ కంటే అంత పెద్దదేమీ కాదు. వాటిలో ఎక్కువ మగపూలు. ఆడ, మగ భాగాలు రెండూ ఉన్న పూలే పిందె కట్టగలవు, అవి కొద్ది. ఆ పిందెల్లోనూ ముప్పావు వంతుకు పైగా రాలిపోతాయి. గుత్తికి ఒకటో రెండో కాయలు నిలిస్తే మంచి కాపు కింద లెక్క. పూసినవన్నీ కాస్తాయా అన్న మాట ఊరికే పుట్టలేదు.

పూత పాడయ్యే దారులు ముఖ్యంగా రెండు. ఒకటి బూడిద తెగులు. గుత్తి మీద తెల్లటి పొడి కప్పుకుని పూలు ఎండి రాలిపోతాయి. నీటిలో కలిసే గంధకం లీటరుకు 3 గ్రాముల చొప్పున కలిపి చల్లుతారు. మండే ఎండలో చల్లితే గంధకమే పూతను మాడ్చేస్తుంది, కాబట్టి పొద్దున్నో సాయంత్రమో చల్లాలి. రెండోది తేనెమంచు పురుగు. పూగుత్తి రసం పీల్చి తీపి జిగురు వదులుతుంది. ఆ జిగురు ఆకుల మీద పడి, దాని మీద నల్లటి బూజు పెరుగుతుంది. దాన్నే మసి తెగులు అంటారు. ఆకు చూస్తే మసి పూసినట్టు ఉంటుంది. గమనించారా? పైన చెట్టు పూసిన పూత, కింద ఆకుకు మసి పూసిన పూత. మన రెండు క్రియలూ ఒకే కొమ్మ మీదికి వచ్చాయి. ఇంకొక్క మాట. పూత పూర్తిగా విచ్చుకున్న రోజుల్లో మందు చల్లకూడదు. ఈగలు, తేనెటీగలు చచ్చిపోతే పిందె కట్టేవాళ్లు ఉండరు. మొగ్గ పగిలేటప్పుడు ఒకసారి, పిందె బఠాణీ గింజంత అయ్యాక మరోసారి చల్లడం పద్ధతి.

తోటలో ఇంత వాడే ఈ మాట వరిమడిలోకి అడుగుపెట్టదు. వరి పూయదు, ఈనుతుంది. గేదె ఈనింది, వరి ఈనింది. అంతకు ముందు దశను పొట్ట అంటారు: చిరుపొట్ట, పొట్ట, ఈనిక, ఆపైన పాలు పోసుకోవడం. వరికీ పువ్వు ఉంది, కాకపోతే రంగూ రేకూ లేని పువ్వు. కంకి మీద అప్పుడే విచ్చిన పూల నుంచి వేలాడే లేత పసుపు నూగును సుంకు అంటారు. మొక్కజొన్నకు పైన జల్లు, కింద పీచు. పత్తికి మొగ్గ అనరు, గూడ అంటారు, ‘గూడ రాలింది’ అని బాధపడతారు. అరటి గెల వేస్తుంది. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయం మీదే. ఊరూరా రైతుల నోటి నుంచి ఇలాంటి మాటలు సేకరించారు. పాఠ్యపుస్తకం మాత్రం అన్నింటికీ కలిపి ‘పుష్పించు’ అంటుంది. ఆ మాట తప్పు కాదు, కానీ దానితో వరికీ మామిడికీ ఉన్న తేడా చెప్పలేం.

పూయు, విచ్చు, విరియు ఒకటేనా అని అడుగుతుంటారు. కాదు. పూయడం మొక్క పని, విచ్చడం మొగ్గ పని. ‘గులాబీ మొక్క పూసింది’ అంటాం, ‘మొగ్గ విచ్చుకుంది’ అంటాం. ‘మొగ్గ పూసింది’ అనం. విరియు నుంచి విరి, విరులు వచ్చాయి. అలరు అంటే వికసించడమూ, పువ్వూ, సంతోషమూ. సభల్లో ‘అలరించారు’ అని అలవోకగా అంటాం గదా, అది పువ్వు విచ్చుకోవడమే.

ఇప్పుడు రెండో పూయు. గోడకు, ఒంటికి, లోహానికి. ఈ పనికి తెలుగులో ఒక్క మాట కాదు, అరడజను ఉన్నాయి. ఒక్కోదానికి ఒక్కో చెయ్యి. నేలను అలుకుతాం: పేడనీళ్లతో చేతిని అర్ధచంద్రాకారంగా తిప్పుతూ, వెనక్కి జరుగుతూ. మట్టిని గోడకు మెత్తుతాం: మందంగా, అదిమి. రంగును అద్దుతాం. నూనెను పట్టిస్తాం: ఇంకేదాకా రుద్ది. పులమడం అంటే ఒద్దిక లేకుండా పూయడం. పూయడానికి మాత్రం పల్చగా, సమంగా, పైపైన అన్న భావం ఉంది. అందుకే మందుల పెట్టె మీద ‘పైపూతకు మాత్రమే’ అని వేస్తారు, ‘పైపులుముడుకు’ అని వేయరు.

పైపైన అన్న ఆ భావంలోంచే ‘మసి పూసి మారేడుకాయ చేయడం’ వచ్చింది. లోపల ఉన్నది మారదు, పైన మసి ఒక్కటే. తేనె పూసిన కత్తి అన్నా అదే.

కళాయి పెట్టడాన్ని దగ్గరగా చూస్తే ఈ పూత సంగతి బాగా అర్థమవుతుంది. ఇత్తడి గిన్నెలో పులుసు కాస్తే పులుపు రాగిని కొరుకుతుంది, కూర చిలుమెక్కుతుంది. దానికి అడ్డుగా లోపల తగరం పూయాలి. ముందు గిన్నెను ఇసుకతోనూ, పులుపుతోనూ లోహం కనిపించేదాకా తోముతారు. జిడ్డు చుక్క ఉన్నా అక్కడ తగరం పట్టదు. తర్వాత బొగ్గుల కొలిమి మీద పెట్టి, పటకారుతో తిప్పుతూ అన్ని వైపులా సమంగా కాలుస్తారు. నవాసారం పొడి చల్లగానే తెల్లటి ఘాటు పొగ లేస్తుంది. నవాసారం లోహం మీది మైలను తినేసి తగరానికి దారి చేస్తుంది. తగరం 232 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర కరుగుతుంది, కాబట్టి ముక్కను అలా తాకిస్తే చాలు, చుక్కలు చుక్కలుగా జారుతుంది. వెంటనే దూదితోనో గుడ్డతోనో గిన్నె లోపలంతా ఒక్క ఊపున తుడుస్తారు. ఇత్తడి పసుపు మాయమై వెండిలా మెరుస్తుంది. వేడి చాలకపోతే తగరం గడ్డలు కడుతుంది. ఎక్కువైతే మెరుపు పోయి పచ్చగా, మాడినట్టు తయారవుతుంది. సరిగ్గా పడిన కళాయి మందం కంటికి కనిపించదు. పూత అంటే అది.

కళాయి గిన్నెను ఖాళీగా పొయ్యి మీద పెట్టకూడదని పెద్దవాళ్లు అనేది ఇందుకే. నీళ్లున్నంతసేపు లోపలి వేడి 100 డిగ్రీల దగ్గర ఆగుతుంది. ఖాళీ గిన్నె అయితే ఇట్టే 232 దాటి కళాయి కరిగిపోతుంది.

క్రియ నుంచి నామంలోకి, పువ్వు దగ్గరికి. పూవు, పువ్వు రెండూ మొదటి ధాతువు పిల్లలే. తుళులో ‘పూ’, కన్నడంలో పాత ‘పూ’ ఇప్పుడు ‘హూవు’. పాలు హాలు అయినట్టు, పులి హులి అయినట్టు. గోండీలో ‘పుంగార్’. పుష్పం సంస్కృతం. పుష్పం చెడి పువ్వు అయిందని కొందరు రాస్తుంటారు. ఇన్ని ద్రావిడ భాషల్లో పూ ధాతువు క్రియగా బతికి ఉండగా ఆ ఊహ అవసరమే లేదు.

సమాసంలో పువ్వు ఎలా కుదించుకుంటుందో చూడండి. పూవు, తోట కలిస్తే పూఁదోట. తేనెతో పూఁదేనె. రెమ్మతో పూరెమ్మ. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి దీన్ని ప్రాతాదులు అనే సంధి కింద చెప్పాడు. తొలి అచ్చు తర్వాతి వర్ణాలు లోపించి ‘పూ’ మిగులుతుంది. ఆ మిగిలినదాని తర్వాత క, చ, ట, త, ప అనే పరుషాలు వస్తే నకారం చేరుతుంది. ఆ నకారమే అరసున్న అయి, త కాస్తా ద అవుతుంది. రెమ్మలో రేఫ పరుషం కాదు, అందుకే అక్కడ అరసున్నా లేదు, మార్పూ లేదు. ఈ పని ‘పూలతోట’లో జరగదు. అది బహువచనపు షష్ఠి. పూదోట, పూలతోట రెండూ సాధువులే గానీ కట్టుబడి వేరు.

పచారీ కొట్టులో ‘పువ్వు’ అన్న పేరును నమ్మి మోసపోకండి. అనాసపువ్వు పువ్వు కాదు, ఎండిన కాయ. ఎనిమిది రెక్కల్లో ఒక్కో గింజ కనిపిస్తుంది. రాతిపువ్వు మొక్కే కాదు. రాళ్ల మీదా చెట్ల బెరడు మీదా పెరిగే, శిలీంధ్రమూ నాచూ కలిసి బతికే జీవి. కుంకుమపువ్వులో మనం కొనేది పువ్వు మొత్తం కాదు, ఒక్కో పువ్వు నుంచి మూడే కీలాగ్రాలు. లవంగం నిజంగా పూమొగ్గ, దానికి మాత్రం పువ్వన్న పేరు లేదు. గుళ్లో కొట్టిన కొబ్బరికాయలో కనిపిస్తే శుభమనుకునే పువ్వు, మొలకెత్తే కాయలో నీళ్లనూ కొబ్బరినీ పీల్చుకోవడానికి పిండం పెంచుకున్న స్పంజి ముద్ద. దీపావళి కాకరపువ్వొత్తి అయితే నిప్పురవ్వలను కాకరపువ్వుతో పోల్చి పెట్టిన పేరు. ఎవరు పెట్టారో గానీ ఆ కన్నుకు దణ్ణం పెట్టాలి.

కంట్లో పువ్వు మాత్రం జాగ్రత్తగా వాడాల్సిన మాట. నల్లగుడ్డు పైపొర మీద గాయమో పుండో మానాక మిగిలే తెల్లమచ్చ పువ్వు. శుక్లం వేరు, అది లోపలి కటకం మసకబారడం. శుక్లానికి కటకం మారుస్తారు. పువ్వు చూపును మూసేస్తే నల్లగుడ్డు పైపొరనే మార్చాల్సి వస్తుంది. రెండింటినీ ఒకే పేరుతో పిలిచి, పువ్వుకు ఆకుపసరు పోస్తే పుండు పెరిగి మచ్చ ఇంకా ముదురుతుంది.

ఇప్పుడు ఇందాక అన్న చిక్కు. రెండు క్రియలను ఎక్కడ విడదీయలేం?

‘నోరు పూసింది.’ ఇది ఏ పూయు? కర్త నోరు, చేసినవాళ్లు లేరు, కర్మ లేదు. బహువచన పరీక్ష పెడితే ‘నోళ్లు పూశాయి’. వ్యాకరణం మొదటి క్రియ అనే చెబుతుంది. కానీ నాలుక మీద తెల్లటి పొర చూసినవాళ్లు అది పొర పూతే అంటారు. నోటిపూత అన్న నామంలో రెండు ప్రశ్నలకూ జవాబు దొరకదు. నేను వ్యాకరణం వైపు నిలబడతాను: లోపలి నుంచి వచ్చి పైన తేలేది పూయడం, బయటి నుంచి తెచ్చి పెట్టేది పులమడం. నోటిపూత లోపలి నుంచి వస్తుంది. బి విటమిన్లు, ఇనుము తగ్గినప్పుడు వస్తుంది, మొనదేరిన పన్ను ఒరుసుకున్నా వస్తుంది. రెండు వారాలు దాటినా మానని పుండును మాత్రం డాక్టరుకు చూపించాలి.

దీనికి తమిళం గట్టి సాక్ష్యం ఇస్తుంది. మనం ‘నివురుగప్పిన నిప్పు’ అంటాం. తమిళులు ‘నీఱు పూత్త నెరుప్పు’ అంటారు. నీఱు అంటే బూడిద. అక్కడ వాడింది ‘పూచియ’ కాదు, ‘పూత్త’. చెట్టు పూయడానికి వాడే క్రియే. నిప్పుకు బూడిదను ఎవరూ తెచ్చి పూయలేదు, నిప్పే బూడిద పూసింది. రెండు క్రియలు విడిగా ఉన్న భాషలో కూడా పొర కమ్మడానికి పువ్వు క్రియను ఎంచుకున్నారంటే, ఈ అర్థాల మధ్య దూరం అంత ఎక్కువేమీ కాదు. తెలుగులో శబ్దం కలిసింది, అర్థం అడ్డు చెప్పలేదు.

పూజ సంగతి చెప్పకుండా ముగించలేను. ఈ మాటకు ద్రావిడ మూలం ఉందని గత శతాబ్దిలో కొందరు వాదించారు. వాళ్లలోనూ రెండు పక్షాలు. స్వీడన్ పండితుడు జార్ల్ చార్పెంటియర్ దాన్ని పులిమే ‘పూచు’తో కలిపాడు: రాతికి సింధూరం, గంధం పూయడం. మార్క్ కాలిన్స్ ‘పూ’, ‘చెయ్’ కలిపి పువ్వులతో చేసే పని అన్నాడు. సునీతి కుమార్ చటర్జీ పువ్వు పక్షాన్ని ప్రచారం చేశాడు. సంస్కృతంలోనే మూలం చూపేవాళ్లు ఈ రెండింటినీ ఒప్పుకోరు. వాదం తేలలేదు. మనకు ముచ్చట ఏమిటంటే, ఇక్కడ కూడా పోటీ మన రెండు క్రియల మధ్యే. దేవుడికి చేసే పని పూసేదా, పూలు పెట్టేదా?

ప్రశ్నలుంటే అడగండి.

‘పూసగుచ్చినట్టు చెప్పాడు’లో పూస పువ్వేనా అని అడుగుతున్నారు. కాదు. పూస అంటే దండలో గుచ్చే పూస. వెన్నుపూసలోనూ అదే. ఒక్కటీ జారకుండా, వరస తప్పకుండా అని భావం. పూలను గుచ్చడమూ ఉంది కాబట్టి పొరబడతాం. పూనకం కూడా ఈ కుటుంబంలోది కాదు, అది పూను నుంచి వచ్చింది.

తరగతిలో పిల్లలకు ఇది ఎలా చెప్పాలని మరొకరు అడిగారు. సూత్రాలు చెప్పకండి. ‘పూసింది’ ఉన్న పది వాక్యాలు బోర్డు మీద రాసి, ప్రతి దాంట్లో ‘పూసింది’ తీసేసి ‘పూశాడు’ పెట్టమనండి, కర్తను కూడా మార్చుకోమనండి. ‘పిన్ని తలుపుకు రంగు పూసింది’ చక్కగా ‘బాబాయి తలుపుకు రంగు పూశాడు’ అవుతుంది. ‘తంగేడు పూసింది’ దగ్గరికి వచ్చేసరికి ఎంత ప్రయత్నించినా కుదరదు. ఎందుకు కుదరలేదో వాళ్లనే చెప్పమనండి. ఆ తర్వాత ‘నోరు పూసింది’ రాసి, గంట కొట్టేదాకా వాదించుకోనివ్వండి.